తిన్నవాడి తీర్పు: పలాస–టెక్కలి దారిలో బయటి భోజనం కథ

కలకత్తా నుంచి మద్రాసుకు ఒడ్డు వెంట నడిచి వెళ్ళినా, బండి కట్టుకుని వెళ్ళినా, రైలెక్కి వెళ్ళినా పలాస, టెక్కలి దాటక తప్పదు. ఒకవైపు మహేంద్రగిరి కొండలు, మరోవైపు బంగాళాఖాతం, మధ్యలో సన్నని మైదానం. సముద్రం వైపు అంచున కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం. పాత బాటసారుల దారి, 1890లలో వేసిన రైలు పట్టాలు, ఇవాళ్టి 16వ నంబరు జాతీయ రహదారి మూడూ ఈ ఇరుకు నేలలోంచే సాగుతాయి. అందుకే ముక్కూ మొహం తెలియని వాళ్ళకు వండిపెట్టడం ఇక్కడి ఊళ్ళకు తరతరాల అలవాటు. తిన్నవాళ్ళు ఊరు దాటాక ఏం చెప్పుకున్నారన్న దాన్ని బట్టే ఈ దారిలో తిండి అమ్మేవాళ్ళకు పేరొచ్చింది, ఉన్న పేరు పోయింది.

తిన్నవాడు చెప్పే ఆ మాటనే ఇప్పుడు నగరాల్లో ఒక పనిగా చేయిస్తున్నారు. పది ఊళ్ళలో హోటళ్ళున్న యజమాని అన్నిచోట్లా తానే కూర్చుని చూసుకోలేడు. ఒక ఏజెన్సీకి డబ్బు కడతాడు. ఆ ఏజెన్సీ ఒక మామూలు కుటుంబాన్ని భోజనానికి పంపుతుంది. భార్యా భర్తా పిల్లలూ అందరిలాగే వెళ్ళి, తిని, బిల్లు కట్టి వస్తారు. ఇంటికొచ్చాక ప్రశ్నల పత్రం నింపి పంపితే భోజనం ఖర్చు తిరిగొస్తుంది. వీళ్ళను మిస్టరీ డైనర్లు అంటారు. వడ్డించినవాడికి వాళ్ళెవరో తెలియదు, తెలియకూడదు. ఈ పనికి ప్రాణం అదే. తిన్నవాడెవరో పెట్టినవాడికి తెలుసా? తిండి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? తిన్నాక నిజం చెప్పే వీలుందా? ఏ తీర్పుకైనా విలువ కట్టేది ఈ మూడు ప్రశ్నలే. పలాస దారిలో నడిచిన బాటసారులను ఒక్కొక్కరినే పలకరిస్తే వీటికి జవాబులు ఎలా మారుతూ వచ్చాయో తెలుస్తుంది.

డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు తెలుగు నేలకు కొత్త కాదు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అందులో ఒక పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన వస్తుంది. ఇంటివారి పేరుతో సహా, ఒక్క రూకకు అక్కడ దొరికే భోజనమంతా కవి పద్యంలో పెట్టాడు. గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. చోటు, ధర, వంటకాలు, మెప్పు అన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ హోటల్ గురించి రాసేవాళ్ళు ఇంతకన్నా ఎక్కువేమీ చెప్పరు. ఐదారు వందల ఏళ్ళ కిందటే తెలుగువాడు బయట తిన్న భోజనాన్ని సాహిత్యంలో లెక్కగట్టాడన్నమాట.

కళింగ తీరంలో మాత్రం బయటి భోజనం మొదట్లో వ్యాపారం కంటే పుణ్యంగానే సాగింది. కారణం పూరీ. దక్షిణాది యాత్రికులు జగన్నాథుడి దగ్గరికి వెళ్ళాలన్నా, అటునుంచి వచ్చేవాళ్ళు శ్రీకూర్మం, సింహాచలం చూడాలన్నా ఇదే బాట. 1510లో దక్షిణ యాత్రకు బయలుదేరిన చైతన్యుడు పూరీ నుంచి శ్రీకూర్మం చేరాడనీ, అక్కడ కూర్మ అనే బ్రాహ్మణుడు ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టాడనీ చైతన్య చరితామృతం చెబుతుంది. ఆ గృహస్థు చేసిన మరో పనేదీ లోకానికి తెలియదు. ఒక పూట పెట్టిన అన్నమే ఆయన పేరును ఐదు వందల ఏళ్ళు నిలబెట్టింది.

ఈ దారిలో తెలుగువాడి కళ్ళతో చూసి తెలుగులో రాసిన గొప్ప లెక్క ఏనుగుల వీరాస్వామిది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామి 1830 మే 18న కుటుంబంతో, పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. తిరుగు ప్రయాణంలో పూరీ, గంజాం, శ్రీకాకుళం మీదుగా ఈ తీరం వెంటే వచ్చాడు. మజిలీ మజిలీకీ రాసుకున్న వివరాలను స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించాడు. దిగవల్లి వేంకట శివరావు 1941లో వివరణలతో మళ్ళీ వెలువరించాడు.

ఆ పుస్తకాన్ని భక్తి గ్రంథంగానే చదివితే సగమే దక్కుతుంది. వీరాస్వామి ఏ ఊరు చేరినా ముందు చూసేవి నాలుగు: దిగడానికి సత్రం ఉందా, బజారులో సరుకులు దొరుకుతాయా, బోయీలకూ పరివారానికీ సరిపడా తిండిగింజలు ఉన్నాయా, నీళ్ళు తాగేట్టు ఉన్నాయా. వెనక వచ్చే యాత్రికుడికి పనికిరావాలన్న తాపత్రయం ప్రతి పేజీలో కనిపిస్తుంది. తన కులాచారం ప్రకారం సొంత వంట చేయించుకు తిన్నవాడు కాబట్టి ఆయన రాసింది హోటల్ భోజనం గురించి కాదు, ఊరు బాటసారిని ఎలా ఆదరిస్తుందన్న దాని గురించి. అయితే ఒక హద్దు గుర్తుంచుకోవాలి. పల్లకీలు, బోయీలు, కోర్టు కొలువు హోదా వెంట ఉన్న మనిషి మారుమూల మజిలీలో కూడా ఎవరికీ తెలియకుండా ఉండలేడు. ఆయన చూసిన ఆదరణలో కొంత ఆ హోదాకు దక్కింది. ఒంటరిగా మూట నెత్తిన పెట్టుకుని నడిచిన బీద యాత్రికుడికి అదే ఊరు ఎలా కనిపించిందో రాసిపెట్టినవాళ్ళు లేరు.

ఊళ్ళలో కచేరీలు, బడులు, కోర్టులు పెరిగేకొద్దీ పూటకూళ్ళ ఇళ్ళకు గిరాకీ పెరిగింది. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ముఖ్యమైన పాత్ర. భర్తపోయిన ఆడమనిషి నలుగురికి వండిపెట్టి బతకడం, గిరీశం లాంటివాడు ఆమె చేతి అన్నం తిని బాకీ ఎగ్గొట్టడం ఉత్తరాంధ్ర పట్నాల్లో ఆనాటి జనం ఎరిగిన సంగతులే. ఆమె వంట ఎలా ఉందో తీర్పు చెప్పేవాడే ఆమెకు బాకీదారు. ఉచితంగా తినేవాడి మాటను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న అప్పుడే ఉంది.

ఆ తరవాత రైలు వచ్చింది. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను 1893–1896 మధ్య పూర్తయింది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. టెక్కలి పక్కనున్న నౌపడా నుంచి పర్లాకిమిడికి అక్కడి మహారాజు వేయించిన రెండున్నర అడుగుల సన్న పట్టాల రైలు 1900లో నడిచింది. నౌపడా ఉప్పు, పర్లాకిమిడి ధాన్యం, కొండ సరుకు ఆ చిన్న రైలెక్కి పెద్ద లైనుకు చేరేవి. అప్పటిదాకా కాశీబుగ్గ పక్కన చిన్న పల్లెగా ఉన్న పలాస స్టేషను పేరుతో దేశానికి తెలిసింది. బండి ఆగిన కాసేపట్లో కొనాలి, తినాలి, మళ్ళీ ఎక్కాలి. అమ్మేవాడికి కొనేవాడు మళ్ళీ కనిపించడు. నిలకడగా వచ్చే ఖాతాదారు కాదు కాబట్టి సరుకు ఎలా ఉన్నా చెల్లిపోతుందన్న ధీమా అమ్మేవాడిలో పెరగడానికి రైలు వీలు కల్పించింది.

ఈ లైను మీద కాకపోయినా, ఆ ధీమాను బయటపెట్టినవాడు ఒక మూడో తరగతి ప్రయాణికుడు. 1917 సెప్టెంబరులో గాంధీ బొంబాయి నుంచి మద్రాసుకు 13 రూపాయల 9 అణాల టికెట్టుతో మెయిలు బండిలో వెళ్ళాడు. తరవాత రాంచీ నుంచి పత్రికలకు పెద్ద లేఖ రాశాడు. కిక్కిరిసిన పెట్టె, దారిపొడవునా ఊడవని నేల, స్టేషన్లలో మురికి గిన్నెల్లోంచి తీసి మురికి త్రాసులో తూచి ఇచ్చే మిఠాయిలు, వాటిపై ముసిరిన ఈగలు, బురద రంగు టీ అన్నీ అందులో ఉన్నాయి. ఆ టీ గురించి చెబుతూ, రంగు ఎలా ఉందో తాను కళ్ళారా చూశానని, రుచికి మాత్రం తోటి ప్రయాణికుల మాటే ఆధారమని ఆయన విడదీసి రాశాడు. తాను తాగలేదు కాబట్టి రుచి మీద తీర్పు చెప్పలేదు. తిండి గురించి రాసేవాళ్ళందరూ నేర్చుకోవలసిన నిజాయితీ అది. ఆయనకు ఆ వివరాలు తెలిసింది పెద్ద తరగతి టికెట్టు కొనకపోవడం వల్లే. ఫస్టు క్లాసు బల్ల మీదికి ఆ గిన్నెలు వచ్చేవి కావు.

అయితే ఆ రోజుల్లో సామాన్యుడు ఏ బల్ల దగ్గరైనా కూర్చోగలిగేవాడు కాదు. ‘ఏవూరు?’ అన్న ప్రశ్న వెనకే ‘ఎవరు మీరు?’ అన్న ప్రశ్న ఉండేది. కులం చెప్పకుండా పూటకూటింట్లో విస్తరి పడేది కాదు. రైల్వే స్టేషన్లలో హిందువులకు, ముస్లింలకు నీళ్ళు వేరు, భోజనాల గదులు వేరు. బ్రాహ్మణ భోజన హోటలు అన్న బోర్డులు మద్రాసు రాష్ట్రమంతటా వేలాడేవి. ఊరి చివర వాడల నుంచి వచ్చినవాడికి హోటల్లో గ్లాసు వేరు, చాలాచోట్ల గుమ్మమే లేదు. ఎవరో తెలియని మనిషికి అందరితో సమానంగా వడ్డించడమే మిస్టరీ డైనర్ పనికి పునాది. ఆ పునాది దేశమంతటికీ పడింది 1950 జనవరి 26న. దుకాణాలు, హోటళ్ళు, భోజనశాలల్లోకి మతం, కులం, పుట్టిన చోటు పేరిట ఎవరినీ అడ్డుకోకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం వచ్చిన రోజే గుమ్మాలన్నీ తెరుచుకోలేదు. కానీ పేరు చెప్పకుండా కూర్చుని, తిని, డబ్బిచ్చి, బాగుందో లేదో చెప్పే హక్కు సామాన్యుడికి దేశమంతటా కాగితం మీదైనా దక్కింది అప్పుడే.

కల్తీ మీద చట్టాలు అంతకు ముందే మొదలయ్యాయి. మద్రాసు ప్రభుత్వం 1918లో కల్తీ నిరోధక చట్టం తెచ్చింది. దేశమంతటికీ వర్తించే చట్టం 1954లో వచ్చింది. అదే ఏడాది ఓ.వి. అళగేశన్ అధ్యక్షతన వేసిన కమిటీ రైల్వే భోజనాలను పరిశీలించింది. ఆ తరవాత రైల్వే శాఖ తానే వంటశాలలు నడపడం మొదలుపెట్టింది. మూడో తరగతి ప్రయాణికుడు లేఖ రాసిన దాదాపు 40 ఏళ్ళకు ఆ విషయం ప్రభుత్వ పనుల్లోకి వచ్చింది.

తిని చూసి తీర్పు చెప్పడాన్ని ఒక వృత్తి విద్యగా పెంచిన పరిశ్రమ ఒకటి పలాసలోనే ఉంది. అది జీడి. పోర్చుగీసువాళ్ళు దేశానికి తెచ్చిన చెట్టు ఉద్దానం ఇసుక నేలల్లో బాగా పట్టుకుంది. పలాస–కాశీబుగ్గలో వందల సంఖ్యలో జీడి పరిశ్రమలు వెలిశాయి. తోటల పిక్క చాలక ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా విశాఖ రేవు మీదుగా ఇక్కడికి వస్తున్నాయి. బస్తా కొనేముందు జరిగే తంతు చూడదగ్గది. కొన్ని బస్తాల్లోంచి పిక్కలు తీసి కలిపి, ఒక కిలో తూచి, అందులో ఎన్ని పిక్కలు వచ్చాయో లెక్కపెడతారు. తరవాత ఒక్కో పిక్కను నిలువునా రెండుగా కోస్తారు. నిండుగా ఉన్న పప్పు ఒక కుప్ప, మచ్చ పడింది ఒక కుప్ప, ముదరనిది ఒకటి, పుచ్చుదీ తాలుదీ మరొకటి. మంచి పప్పును పూర్తిగా, మచ్చపప్పును సగంగా లెక్కేసి తూస్తారు. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్నదే దాని ధర. 48 పౌండ్లు దిగితే మంచి సరుకు కిందే లెక్క. అమ్మేవాడు ఎదురుగా నిలబడి ఎంత పొగిడినా కోసిన పిక్క ముందు ఆ మాట చెల్లదు.

పప్పు బయటికొచ్చాక తీర్పు ఆడవాళ్ళ చేతుల్లోకి వెళ్తుంది. పిక్క పగలగొట్టడం, పొర తీయడం, గ్రేడు చేయడం ఎక్కువగా వాళ్ళ పనే. జీడి నూనె తగిలితే చర్మం కాలుతుంది, వేళ్ళు నల్లబడతాయి. గుండు, బద్ద, ముక్క వేరవుతాయి. గుండులో మళ్ళీ సైజులు. పౌండుకు 170 నుంచి 180 పప్పులు తూగితే డబ్ల్యూ-180, 300 నుంచి 320 తూగితే డబ్ల్యూ-320. ఏళ్ళ తరబడి కూర్చున్న చేతికి త్రాసు అక్కర్లేదు, చూపుతోనే వేరు చేస్తుంది. పలాస జీడిపప్పుకు దేశంలో ఉన్న పేరు ఈ చేతులు పెట్టిన పేరు. దుకాణంలో కొనేవాడు నాలుగు పలుకులు నోట్లో వేసుకుని చూడటం దీనికి ఆఖరి మెట్టు. ఆ నాలుగు పలుకులూ ఉచితం. కానీ నచ్చకపోతే కొనకుండా వెళ్ళిపోయే స్వేచ్ఛ అతనికుంది కాబట్టే ఆ ఉచితం తీర్పును చెడగొట్టదు. పలాస దగ్గరి మందస కోవాకు పేరొచ్చిన దారి కూడా ఇదే. ప్రకటనలు మోసిన పేరు కాదది, తిన్నవాళ్ళు పక్క ఊరికి మోసుకెళ్ళిన పేరు.

బయటి ప్రపంచంలో ఈ విద్య రెండు దారుల్లో పెరిగింది. ఫ్రాన్సులో టైర్లు తయారుచేసే మిషెలిన్ సోదరులు 1900లో కారు యాత్రికుల కోసం ఉచితంగా పంచిన చిన్న పుస్తకం 1920 నుంచి అమ్మకానికి వచ్చింది. 1926లో మంచి భోజనశాలలకు నక్షత్రాలు ఇవ్వడం మొదలైంది. వాళ్ళ ఇన్‌స్పెక్టర్లు పేరు చెప్పరు, బిల్లు కంపెనీయే కడుతుంది, హోటలు యజమాని దగ్గర పైసా ముట్టరు. అమెరికాలో 1940లలో విల్‌మార్క్ అనే సంస్థ దుకాణాల్లో ఉద్యోగుల నిజాయితీని పరీక్షించడానికి కొనుగోలుదారుల వేషంలో మనుషులను పంపింది. మిస్టరీ షాపింగ్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చిందని చెబుతారు. మొదటి పద్ధతి తినేవాడి కోసం, రెండోది యజమాని కోసం. ఇవాళ మన నగరాల్లో కుటుంబాలు చేస్తున్నది రెండో రకం పని.

కుటుంబాలనే పంపడానికి కారణం ఉంది. ఒంటరిగా కూర్చుని ప్లేటు వంక గడియారం వంక మార్చిమార్చి చూసే మనిషిని ఏ సర్వరైనా పసిగడతాడు. పిల్లలతో వచ్చిన ఇల్లాలిని ఎవరూ అనుమానించరు. ఆమె కూర్చున్న ఎన్ని నిమిషాలకు మెనూ వచ్చిందో, ఆర్డరు ఎప్పుడిచ్చారో, ఇడ్లీ వేడిగా ఉందో లేదో, సర్వరు చొక్కా మీద పేరేమిటో గుర్తుపెట్టుకోవాలి. పిల్లవాడి చేతులు కడిగించే వంకతో కుళాయి దగ్గర సబ్బుందో లేదో చూడాలి. మరుగుదొడ్డి చూడాలి. బిల్లు దాచాలి. మరచిపోక ముందే ఆ రాత్రే రాయాలి. తిండి ఉచితం అనిపిస్తుంది గానీ, పని చేశాకే డబ్బు తిరిగొస్తుంది కాబట్టి అది కూలి. దీన్ని విందుగా అనుకుని వెళ్ళినవాళ్ళు మంచి నివేదిక రాయలేరు. ఈ పద్ధతిలో ఒక లోటు మాత్రం ఉంది. ఆ నివేదిక యజమాని బల్ల మీదికి వెళ్తుంది, పక్క బల్ల దగ్గర తింటున్న మరో కుటుంబానికి చేరదు. వీరాస్వామి రాసింది వెనక వచ్చే యాత్రికుడి కోసం, గాంధీ రాసింది తోటి ప్రయాణికుడి కోసం. ఆ తేడా చిన్నది కాదు.

పలాస, టెక్కలి దగ్గర హైవే పక్కన ఆగే కుటుంబానికి ఏ ఏజెన్సీ అప్పగించకపోయినా పరీక్షించే హక్కు ఉంది. 2006లో చేసి 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి తెచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షను ప్రకారం కొన్నవాడెవరైనా రుసుము కట్టి ఆ తిండిని ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఆ సంగతి కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. తేడా ఉందని తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. అధికారి వచ్చి నమూనా తీసినా ఊరికే తీసుకోకూడదు, అందరికీ అమ్మే ధర చెల్లించాలి. తీర్పు చెప్పేవాడు ఉచితంగా తినకూడదన్న నియమాన్ని చట్టం ఇలా రాసిపెట్టింది. 2022 జనవరి 1 నుంచి హోటలు బిల్లు మీద 14 అంకెల ఫుడ్ లైసెన్సు లేదా రిజిస్ట్రేషను నంబరు ఉండాలి. తిన్నవాడు ఫిర్యాదు చేయాలంటే ఆ నంబరు చాలు.

ఈ తీరంలో ఆ పరీక్ష మొదలుకావలసింది నీళ్ళ గ్లాసుతో. ఉద్దానం మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్ళను కూల్చింది. దేశ విదేశాల పరిశోధకులు వచ్చి చూసినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోయారు. నీళ్ళ మీద అనుమానం మాత్రం జనం గుండెల్లోంచి పోలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల తాగునీటి పథకాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఇంట్లో క్యాను నీళ్ళు కొనుక్కునే కుటుంబం హోటల్లో కూర్చున్నప్పుడు బల్ల మీద పెట్టిన గ్లాసు నీళ్ళు ఎక్కడివని అడగడం లేదు. నగరాల్లో తయారయ్యే మిస్టరీ డైనర్ల పత్రంలో సర్వరు నవ్వాడా అని ఉంటుంది, నీళ్ళు ఏ ట్యాంకువి, ఆ ట్యాంకు ఎప్పుడు కడిగారు అని ఉండదు. ఇక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

కాబట్టి ఈ దారిలో భోజనానికి ఆగే ప్రతి కుటుంబమూ కొన్ని పనులు చేయాలి. డబ్బిచ్చి తినాలి, బిల్లు అడిగి తీసుకోవాలి. నీళ్ళు, నూనె, వంటగది గురించి మొహమాటం లేకుండా అడగాలి. బాగుంటే నలుగురికి చెప్పాలి, బాగా లేకపోతే నంబరుతో సహా ఫిర్యాదు చేయాలి. పలాస జీడిపప్పుకు పేరు తెచ్చింది కోసి చూసే అలవాటే. ఆ పట్టుదలే హోటలు బల్ల దగ్గర కూడా చూపిస్తే ఉద్దానం తీరంలో తిండి అమ్మేవాళ్ళకూ మేలు, తినేవాళ్ళకూ మేలు.